పైల్ తల పగలగొట్టే చేతుల గురించి: స్ట్రక్చరల్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని స్ట్రక్చరల్ ఇంజనీర్లకు, బిల్డర్లకు, పైలింగ్ కాంట్రాక్టర్లకు, కార్మిక శాఖ, మునిసిపల్ శాఖ అధికారులకు,

నమస్కారం.

మాది పాలమూరు. 1999లో గుంపు మేస్త్రీ వెంట ఈ ఊరికి వచ్చాను. పదకొండేళ్లు బ్రేకర్, అంటే కాంక్రీటు పగలగొట్టే మిషన్, పట్టాను. ఆ తర్వాత ఫోర్‌మన్‌ని అయ్యాను, ఇప్పటికీ అదే పని. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది. ఈ ఉత్తరం టైపు చేసింది తనే, కట్టడాల నియమాలుండే కోడ్ పుస్తకంలో ఏముందో చదివి వినిపించింది కూడా తనే. తప్పులుంటే నావి.

పైల్ తలల్ని మనుషుల చేత పగలగొట్టించే తీరు మీద రెండేళ్లలో మూడు అర్జీలు ఇచ్చాను. రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఒకచోట మాత్రం గుమస్తా కాగితం తిరగేసి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా? తగిలితే అప్పుడు రండి" అన్నాడు. దెబ్బ తగిలితే వచ్చే దారి వేరే ఉంటుందని నాకూ తెలుసు. తగలకముందే చెబుదామనే వెళ్లాను.

సైట్ పని తెలియని వాళ్లూ ఇది చదువుతారు కాబట్టి ముందు పని గురించి చెప్తాను. పైల్ అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభం. హైదరాబాద్ అంతా బండే కదా, పైల్స్ ఎందుకు అని అడుగుతుంటారు. నిజమే, పైనే బండ తగిలితే ఫుటింగ్ వేసి ఊరుకుంటారు. పూడ్చిన చెరువుల్లో, మూసీ ఒడ్డున, ఎప్పుడో మట్టి పోసి చదును చేసిన చోట, బండ లోతుకి పోయిన చోట పైల్స్ తప్పవు. ఇప్పుడు నాలుగైదు సెల్లార్లు తవ్వుతున్నారు కదా, పక్కవాళ్ల ఇల్లు గుంతలోకి జారకుండా హద్దు పొడవునా వరుసగా పైల్స్ దించుతారు. అక్కడా ఇదే పని ఉంటుంది.

రిగ్‌తో గుంత తవ్వుతారు. గుంత కూలకుండా బెంటోనైట్ అనే బంకమట్టి కలిపిన నీళ్లు నింపుతారు. స్టీలు రాడ్లతో కట్టిన కేజ్ దించి, ట్రెమీ పైపు వేసి అడుగు నుంచి కాంక్రీటు పోస్తారు. ఆ కాంక్రీటు పైకి లేస్తూ బెంటోనైట్‌నీ, మట్టినీ, నీళ్లనీ తన నెత్తిన పెట్టుకుని వస్తుంది. అందుకే పైభాగం ఎందుకూ పనికిరాదు. మనకు కావాల్సిన మట్టాన్ని కట్ ఆఫ్ లెవెల్ అంటారు. దాన్ని దాటి పైకి పోసి, గట్టిపడ్డాక ఆ చెడ్డ తలని పగలగొట్టి తీసేస్తారు. లోపలి రాడ్లు మాత్రం తెగకూడదు, అవి పైల్ క్యాప్‌లోకి, అంటే పైల్స్ మీద పోసే కాంక్రీటు దిమ్మలోకి, వెళ్లాలి. ఈ పనినే మేం పైల్ చిప్పింగ్ అంటాం.

తల పైకి పోయడం తప్పని నేననడం లేదు. ట్రెమీతో పోసేటప్పుడు పైలింగ్ చేసే నేల మట్టం దాకా, లేదంటే కట్ ఆఫ్ మీద కనీసం ఒక మీటరు పోయాలని పైల్స్‌కి ఉన్న భారత ప్రమాణం, ఐఎస్ 2911 కోడే చెబుతోంది. నా ఫిర్యాదంతా ఆ తలని తీసే తీరు గురించి.

600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైల్ తీసుకోండి. ఒక మీటరు తల అంటే 0.28 ఘనపు మీటర్లు, బరువు 700 కిలోలు. వెయ్యి మిల్లీమీటర్ల పైల్ అయితే దాదాపు రెండు టన్నులు. చిన్న పైల్సే 200 ఉన్న సైట్ అనుకున్నా, 56 ఘనపు మీటర్లు, 140 టన్నులు. రెడీమిక్స్ బండికి ఆరు ఘనపు మీటర్ల చొప్పున చూసుకుంటే తొమ్మిది బండ్లకు పైనే. డబ్బు పెట్టి కొన్న ఆ కాంక్రీటుని పిడికెడు పిడికెడుగా పగలగొట్టేది మనిషి.

ఎలా పగలగొడతాడో దగ్గర నుంచి చూసినవాళ్లు మీలో తక్కువమంది ఉంటారు, అందుకే రాస్తున్నాను. రోడ్డు తవ్వేవాడు బ్రేకర్‌ని కిందికి పెట్టి దాని మీద ఒరుగుతాడు, సగం బరువు నేల మోస్తుంది. పైల్ దగ్గర అలా కుదరదు. నిలబడి ఉన్న స్తంభాన్ని పక్క నుంచి కొట్టాలి. పదిహేను కిలోల మిషన్‌ని అడ్డంగా ఎత్తి, వెనక భాగం కడుపుకో తొడకో ఆనించుకుని నొక్కిపట్టాలి. ముందు చుట్టూ రాడ్ల బయట ఉండే కవర్ కాంక్రీటు రాలగొట్టి ఒక్కో రాడ్ బయటికి తీయాలి. రాడ్లు బయటికి వంచాక మధ్యలో మిగిలిన గుండుని కొట్టాలి. రాడ్‌కి తగిలినప్పుడల్లా మిషన్ ఎగిరి దెబ్బ మోచేతి దాకా వస్తుంది. ఒక పైల్‌కి ఇద్దరు మనుషులు, దాదాపు ఒక రోజు. కూలి గుత్త లెక్కన, పైల్‌కి ఇంత అని. కాబట్టి ఎవరూ మధ్యలో ఆగరు.

పోయిన ఏడాది నా దగ్గర శ్రీకాకుళం కుర్రాడు ఒకడు పనిచేశాడు. ఇరవై కూడా ఉండవు. ఒకరోజు సాయంత్రం టీ తాగుతూ, "బాబాయ్, ఫోన్ చేతిలో పట్టుకుంటే అది వైబ్రేషన్‌లో ఉన్నట్టే ఉంటోంది, తీరా చూస్తే కాల్ ఏమీ రాలేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకూ అలాగే మొదలైంది.

ఇక విషయానికి వస్తాను. ఈ పద్ధతి వల్ల ఎవరికి ఏమవుతోందో వరుసగా చెప్తాను.

1. ముందు చేతులు. డిసెంబరు పొద్దున బండి మీద వెళ్తుంటే నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. పది నిమిషాలు వాటిలో ప్రాణం ఉండదు. తర్వాత ఎర్రగా అయ్యి, కారం పూసినట్టు మండుతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేను. మా ఆవిడ పెడుతుంది, లేదంటే టీషర్టు వేసుకుంటాను. మొదట చూసిన డాక్టర్ షుగర్ అనుకున్నాడు, పరీక్ష చేస్తే లేదు. ఏం పని చేస్తావని అడిగిన మొదటి డాక్టర్ మూడో ఆయన. కొట్టుకునే మిషన్లు ఏళ్ల తరబడి పట్టుకుంటే వేళ్లలోని సన్నటి రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయి. చలి తగిలితే నాళాలు ముడుచుకుపోతాయి. ముదిరితే వెనక్కి రాదు. ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. బ్రిటన్‌లో 1985లోనే దీన్ని పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో చేర్చారు. 2005లో వచ్చిన నిబంధనల్లో రోజుకి ఎంత అదురు చేతికి తగలొచ్చో హద్దు పెట్టారు: ఎనిమిది గంటల సగటు మీద 5. దాని యూనిట్ గురించి మా అమ్మాయి చెప్పింది గానీ నాకు కావాల్సింది లెక్క. మిషన్ అదురు 10 ఉంటే రెండు గంటల్లో ఆ హద్దు చేరుతుంది. 20 ఉంటే అరగంటలో. మన దగ్గర అదే రకం మిషన్ పొద్దున ఎనిమిది నుంచి చీకటి పడేదాకా ఒకే మనిషి చేతిలో ఉంటుంది.

2. దుమ్ము. కాంక్రీటులో ఇసుక, కంకర ఉంటాయి, వాటిలో సిలికా ఉంటుంది. మన కంకర గ్రానైటే. పొడిగా కొడితే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. నీళ్లు చిలకరిస్తూ కొడితే చాలా తగ్గుతుంది. గుంతలో డీవాటరింగ్ పంపు నీళ్లు రోజంతా తోడి పోస్తూనే ఉంటుంది, వాటిలో ఒక పైపు ఇటు పెట్టేవాడు ఉండడు. కుర్రాళ్లు మూతికి తువ్వాల కట్టుకుంటారు. తువ్వాల ఇటుక దుమ్ముకి పనికొస్తుందేమో గానీ దీనికి పనికిరాదు.

3. గుంతలో నిలబడ్డ రాడ్లు. తల తీసేశాక ప్రతి పైల్ మీదా ఏడెనిమిది రాడ్లు పైకి పొడుచుకుని ఉంటాయి. వాటి మధ్య నుంచే మనుషులు తట్టలు మోస్తారు. కాలు జారితే ఏమవుతుందో రాయక్కర్లేదు. రాడ్ల మీద ప్లాస్టిక్ క్యాపులు పెట్టిన సైట్లు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. పెట్టినవి కూడా అధికారులు వచ్చే రోజే.

4. ఫ్లాట్ కొన్నవాళ్లు. ఇది కూలీల గోడు, మాకెందుకు అనుకునే వాళ్లు ఈ ఒక్క పాయింటయినా చదవండి. పని త్వరగా కావాలని చాలా చోట్ల రాక్ బ్రేకర్ బిగించిన పెద్ద మిషన్‌ని గుంతలోకి దించి పైల్ తలని పక్క నుంచి గుద్దిస్తున్నారు. తల ఊడుతుంది. దాంతోపాటు కట్ ఆఫ్ కింద, కంటికి కనిపించని చోట, కాంక్రీటు చీలుతుంది. రాడ్లు మొదలు దగ్గర వంగిపోతాయి. వాటిని గ్యాస్ మంటతో కాల్చి సమ్మెటతో నిటారు చేయడం నా కళ్లతో చూశాను, ఒకసారి చేయించాను కూడా. సిగ్గుపడుతున్నాను. మనిషి చేత కొట్టించడానికి పైల్ పోశాక మూడు రోజులు, గాలి ఒత్తిడితో కొట్టే మిషన్లు పెట్టడానికి ఏడు రోజులు ఆగాలని ఐఎస్ 2911 అంటోంది. సైట్లో పైల్ మీద పోసిన తేదీ రాసి ఉండదు, ఎన్ని రోజులైందో కొట్టేవాడికి తెలియదు. ఇంకో తంతు కూడా ఉంది. లెవెల్ తప్పు మార్క్ చేసి ఎక్కువ కొట్టేస్తే, తగ్గిన ముక్కని మళ్లీ పోసి కప్పేస్తారు. మంచి కాంక్రీటుతో, ఇంజనీరు ముందు చేస్తే ఫర్వాలేదు. రాత్రికి రాత్రి మాల్‌తో మెత్తేస్తే ఆ పైన పైల్ క్యాప్ వచ్చేస్తుంది, ఇక దాన్ని ఎవరూ చూడరు. గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఫొటో ఉంటుంది, దీని ఫొటో ఉండదు కదా.

5. చుట్టుపక్కల ఇళ్లు. ఎండాకాలం పగలు గుంతలో నిలబడలేక, ఫ్లడ్‌లైట్లు పెట్టి రాత్రి కొట్టిస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతాల్లో శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు అసలు నడపకూడదని 2010 సవరణలో స్పష్టంగా ఉంది. బ్రేకర్ పక్కన నిలబడితే వంద డెసిబెల్స్ దాటుతుంది. పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఒక పెద్దావిడ రాత్రి పన్నెండింటికి కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి, "నాయనా, మా ఆయనకి నిన్ననే స్టెంట్ వేశారు" అంది. ఆపించాను. మర్నాడు ఆలస్యానికి మాట పడ్డాను.

6. పగిలిన పెళ్లలు. ఇందాక చెప్పిన 140 టన్నులు ఎక్కడికి పోవాలి? జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి. నేను లోడ్ చేయించిన ట్రాక్టర్లు అన్నీ అటు పోలేదు. చెరువు గట్టున పోసింది పదేళ్లకి పూడిన చెరువు అవుతుంది. అక్కడ ఇల్లు కట్టాలంటే మళ్లీ పైల్స్ కావాలి.

ఇప్పుడు ఇంజనీర్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇదంతా తగ్గించే ఉపాయం చంద్రమండలం నుంచి రావాల్సిన పనిలేదు. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం ఉంటుంది చూడండి, రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారు. కేజ్ దించేముందు, కట్ ఆఫ్ లెవెల్ పైన ఉండే రాడ్ల భాగానికి అది తొడిగి, కింద పైన టేపు చుట్టాలి. ఆ భాగంలో రాడ్లని చుట్టి కట్టే రింగులు ఉండకూడదు. కాంక్రీటు గట్టిపడ్డాక రాడ్లకు అతుక్కోదు. కట్ ఆఫ్ దగ్గర పక్క నుంచి రంధ్రం వేసి హైడ్రాలిక్ స్ప్లిటర్ పెడితే, అక్కడ అడ్డంగా చీలుతుంది. తలకి ముందే దించిన కొక్కెం పట్టుకుని క్రేన్ ఎత్తేస్తే, సీసా మూత ఊడినట్టు ముక్క మొత్తం ఒకేసారి పైకి లేస్తుంది. ఆ తర్వాత అడుగు సాపు చేయడానికి మనిషి బ్రేకర్ పట్టాల్సింది కాసేపే. రెండు టన్నుల ముక్క అయితే అంత బరువు ఎత్తే క్రేనే పెట్టాలి, కింద మనుషులు ఉండకూడదు, అది వేరే చెప్పాలా.

దీనికీ ఇబ్బందులు ఉన్నాయి, దాచను. ఫోమ్ కట్ ఆఫ్ కిందికి దిగితే పైల్‌లోనే రాడ్ పట్టు పోతుంది. కాంక్రీటు పోసేటప్పుడు కేజ్ పైకి తేలినా, కిందికి జారినా ఫోమ్ లెవెల్ మారిపోతుంది. తల ఎత్తాక ఫోమ్ మొత్తం ఒలిచేయాలి, లేకపోతే పైల్ క్యాప్ కాంక్రీటు రాడ్‌ని పట్టదు. ఇవన్నీ చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఉంటే చాలు. నేను ఒక సైట్లో పన్నెండు పైల్స్‌కి చేయించి చూశాను. రెండింటికి సరిగా రాలేదు, రింగులు తీయడం మర్చిపోయారు. పదింటికి వచ్చింది.

పదమూడో పైల్‌కి ఆపేశారు. ఎందుకు ఆపారో వినండి. సైట్ ఇంజనీర్ని అడిగితే డ్రాయింగ్‌లో లేదన్నాడు. కాంట్రాక్టర్ని అడిగితే బీఓక్యూలో (ఏ పనికి ఎంతో రాసే లెక్కల పట్టీలో) ఐటెం లేదు, ఫోమ్ డబ్బు ఎవరిస్తారు అన్నాడు. బిల్డర్ ఆఫీసులో, కన్సల్టెంట్ రాసిస్తే మాకేం అభ్యంతరం అన్నారు. కన్సల్టెంట్‌కి ఫోన్ చేయిస్తే, ఎలా పగలగొట్టాలన్నది కాంట్రాక్టర్ ఇష్టం, మా పని కాదు అన్నారు. ఫోమ్ ఖర్చు స్టీలు ఖర్చు ముందు లెక్కలోకే రాదు. నలుగురూ మంచివాళ్లే, నలుగురూ నాతో మర్యాదగానే మాట్లాడారు. కుర్రాళ్లు మర్నాడు మళ్లీ బ్రేకర్లు ఎత్తారు.

అందుకే ఈ ఉత్తరం మొదట మీకే రాస్తున్నాను, ఇంజనీరు సార్లూ, మేడమ్‌లూ. డ్రాయింగ్‌లో లేనిది సైట్లో ఉండదు. రాడ్ ఎన్ని మిల్లీమీటర్లో, కవర్ ఎంతో, ల్యాప్ ఎంతో మీరు రాస్తే అందరూ చచ్చినట్టు చేస్తారు. తల ఎలా తీయాలో కూడా అక్కడే రాయండి.

మేం అడుగుతున్నవి ఇవి.

1. స్ట్రక్చరల్ ఇంజనీర్లు: పైల్ డ్రాయింగ్ జనరల్ నోట్స్‌లో కట్ ఆఫ్ పైన రాడ్లకు ఫోమ్ తొడగాలని, అక్కడ రింగులు ఆపాలని, పెద్ద మిషన్‌తో పక్క నుంచి గుద్దకూడదని రాయండి. బీఓక్యూలో దానికి ఐటెం పెట్టించండి. కట్ ఆఫ్ మీద కనీసం ఎంత ఎత్తు పోయాలో రాస్తున్నారు, గరిష్ఠం కూడా రాయండి. బండిలో మిగిలిన అర ఘనపు మీటరు కాంక్రీటు వెనక్కి ఎందుకని అదే గుంతలో పోసేస్తున్నారు, దాన్ని వచ్చే నెల ఒకడు నడుము విరగ్గొట్టుకుని తీయాలి. తల తీశాక, పైల్ క్యాప్ వేయకముందు ఒక్కసారి గుంతలోకి దిగి చూడండి. పైల్ లోపల చీలిందా లేదా చూసే ఇంటిగ్రిటీ టెస్ట్ చేస్తున్నారు, దానికి ఐఎస్ 14893 ఉంది, మంచిదే. కంటితో చూడటం వేరు.

2. కాంట్రాక్టర్లు: పైల్ మీద పోసిన తేదీ పెయింటుతో రాయించండి. బ్రేకర్ పనికి గుత్త మానేసి రోజు కూలి ఇవ్వండి, గంటగంటకీ మనిషిని మార్చండి. నీళ్లు, సరైన మాస్కులు, చెవులకు మఫ్లు, రాడ్లకు క్యాపులు. హద్దు పైల్స్ దగ్గర క్రేన్‌కి జాగా ఉండదని నాకు తెలుసు, అక్కడ బ్రేకర్ తప్పకపోవచ్చు. కనీసం మిగతా చోట్ల వదిలేయండి.

3. కార్మిక శాఖ: కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల పేరున వసూలవుతోంది. ఆ డబ్బుతో పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ, షుగర్‌తో పాటు చేతులు కూడా చూడమనండి. "చలికి వేళ్లు తెల్లబడతాయా, తిమ్మిరి ఉంటుందా, ఏ మిషన్ పడతావు" అని మూడు ప్రశ్నలు. ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన వాళ్లకి లేబర్ కార్డులు లేవని వెనక్కి పంపకండి, బ్రేకర్ పట్టేది ఎక్కువగా వాళ్లే. కార్డు సైట్లోనే చేయించండి.

4. మునిసిపల్ అధికారులు, పోలీసులు: పైల్స్ ఉన్న ప్రతి భవనానికీ, తల తీసే పద్ధతి ఏమిటో, పెళ్లలు ఎక్కడికి పంపుతున్నారో పని మొదలయ్యే ముందే కాగితం మీద తీసుకోండి. రాత్రి పది తర్వాత బ్రేకర్ మోగితే పక్కింటివాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా ఆపించండి.

ముప్పై రోజుల్లో ఎవరో ఒకరు జవాబు ఇస్తారని ఆశిస్తున్నాను. ఫోమ్ పద్ధతి నమ్మకం లేని ఇంజనీర్లు ఉంటే, మీ సైట్‌కే వచ్చి ఒక పైల్‌కి చేసి చూపిస్తాను, నాకు కూలి అక్కర్లేదు. ఒక్కటే మనవి. చలికాలం అయితే పొద్దున్నే పెట్టకండి, పది దాటాక రమ్మనండి. అప్పటిదాకా నా వేళ్లు టేపు చుట్టవు.

ఇట్లు,
ఒక పైలింగ్ ఫోర్‌మన్,
బోరబండ, హైదరాబాద్